చెంబెడు నీళ్ళు ముందే దాచుకోండి

మీలో ఎంతమంది బోరింగు కొట్టారో నాకు తెలియదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో మీట నొక్కితే మోటారు తిరుగుతుంది, ట్యాంకు నిండుతుంది. నా చిన్నతనంలో మా అమ్మమ్మగారి పెరట్లో ఒక పాత చేతిపంపు ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం వెళ్ళి ఎంత కొట్టినా కిర్రుకిర్రుమనేదే తప్ప చుక్క నీరు రాల్చేది కాదు. లోపలి తోలు వాషరు ఎండి ముడుచుకుపోవడమే అందుకు కారణం. వాషరు పక్క సందుల్లోంచి గాలి దూరిపోతుంటే పంపుకి నీటిని పైకి పీల్చే శక్తి ఎక్కడిది? పైనుంచి ఒక చెంబెడు నీళ్ళు పోస్తే తోలు నాని, ఉబ్బి, ఆ సందులు మూసుకునేవి. ఆ తరువాత నాలుగుసార్లు కొడితే చాలు, నీళ్ళు ధారగా పడేవి.

చూశారా తమాషా! నీళ్ళు రావాలంటే ముందు నీళ్ళుండాలి. అందుకే అమ్మమ్మ ఒక కట్టడి పెట్టింది: నీళ్ళు కొట్టుకున్నవాళ్ళు ఎవరైనా సరే, వెళ్ళేముందు చెంబు నింపి పంపు పక్కన పెట్టి వెళ్ళాలి. ఒకరోజు దాహమేసి నేను ఆ చెంబుడు నీళ్ళూ తాగేశాను. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ పక్కింటికి పరుగెత్తవలసి వచ్చింది. భూమిలో వేల బిందెల నీరుంది, పైన చెంబెడు నీరు లేదు. అంతే తేడా!

ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మీరు ఆటలాడుకునే కంప్యూటర్లలోనూ సెల్‌ఫోన్లలోనూ సరిగ్గా ఇదే చిక్కు ఉంది. ఆటలో ఉండగా తెర ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మీకు అనుభవమే గదా! ఏ మీట నొక్కినా పలకదు. దానికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి మెమొరీ కొరత. కాని నన్నడిగితే, కొరత రావడం తప్పు కాదు. కొరత వస్తుందని తెలిసి కూడా చెంబు నింపి పెట్టుకోకపోవడమే తప్పు. ఈ మాట ఎందుకంటున్నానో వివరంగా చూద్దాం.

బొమ్మకి ఎంత చోటు కావాలి?

ముందు చిన్న లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. సాధారణంగా కంప్యూటరు తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. గుణిస్తే 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగును గుర్తుంచుకోవడానికి 4 బైట్లు కావాలనుకుందాం. అంటే ఒక్క నిండు బొమ్మకి 82,94,400 బైట్లు, సుమారు 8 మెగాబైట్లు. 4కె తెర అయితే దీనికి నాలుగింతలు, సుమారు 33 మెగాబైట్లు.

ఒక్క బొమ్మతో సరిపోదు. మీరు ఒక బొమ్మను చూస్తూండగానే వెనకాల తరువాతి బొమ్మ తయారవుతూ ఉండాలి. కాబట్టి రెండో మూడో బొమ్మలకు చోటు కావాలి. ఇక ఆటలో గోడల మీది ఇటుకలు, చెట్ల ఆకులు, మనుషుల చొక్కాలు అన్నీ విడివిడి బొమ్మలే. అటూ ఇటూ 4096 చుక్కలున్న అలాంటి బొమ్మను కుదించకుండా ఉంచితే ఒక్కటే 64 మెగాబైట్లు తింటుంది. అలాంటివి వంద పెట్టుకోండి, 6,400 మెగాబైట్లు! ఇది గాక తెరమీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో బొమ్మ తయారు కావడానికి దొరికే సమయం సెకనులో అరవయ్యో వంతు మాత్రమే.

ఈ బొమ్మలన్నీ గీసే యంత్రభాగాన్ని గ్రాఫిక్స్ ప్రాసెసరు అంటారు. దానికి ఏ పని ఎప్పుడు ఇవ్వాలి, ఏ బొమ్మ ఎక్కడ ఉంచాలి అని చూసే ప్రోగ్రాము గ్రాఫిక్స్ డ్రైవరు. బస్సు డ్రైవరు బస్సును నడిపినట్టే ఇది గ్రాఫిక్స్ ప్రాసెసరును నడుపుతుంది. ఈ డ్రైవర్లందరికీ పైన యజమాని ఆపరేటింగ్ సిస్టమ్. మెమొరీ అనే ధాన్యపు కొట్టు తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

ఖరీదైన కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డుకి సొంత మెమొరీ ఉంటుంది. చవక కంప్యూటర్లలోనూ సెల్‌ఫోన్లలోనూ అలా కాదు. అందరూ ఒకే కొట్టులోంచి తెచ్చుకోవాలి. మీరు రాసుకునే వ్యాసమూ, వినే పాటా, ఆడే ఆటా, అన్నిటికీ అదొక్కటే కొట్టు.

కొరత వచ్చినప్పుడు ఏం చేస్తారు?

ఉదాహరణకి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసుకుందాం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండ్ విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడు. దీని లోపలి రాత ఎవరైనా చదువుకోవచ్చు. అందుచేత ఇందులోని మంచీ చెడూ రెండూ బయటికి కనబడతాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది కూడా లినక్స్ మూలభాగమే.

2008 డిసెంబరులో విడుదలైన లినక్స్ 2.6.28లో 'జెమ్' అనే ఏర్పాటు చేరింది. ఇంటెల్ సంస్థలో పనిచేస్తున్న కీత్ ప్యాకార్డ్, ఎరిక్ ఆన్‌హోల్ట్ దీనికి ముఖ్యులు. మరుసటి సంవత్సరం 'టీటీఎం' అనే ఇంకో ఏర్పాటు చేరింది. బొమ్మల మెమొరీని పద్దు రాసి, అవసరమైనప్పుడు ఇక్కడినుంచి అక్కడికి మార్చడం వీటి పని.

కొట్టులో ధాన్యం అడుగంటుతోందనుకోండి. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కొక్క డ్రైవరునూ పిలిచి రెండు ప్రశ్నలు అడుగుతుంది. "నువ్వు ఎంత తిరిగి ఇవ్వగలవు?" అన్నది మొదటి ప్రశ్న. "అయితే ఇంత ఇచ్చెయ్యి" అన్నది రెండోది. మంచి డ్రైవరు ఏం చేస్తుంది? అన్నిటికన్నా ముందు, పోయినా ఫరవాలేని బొమ్మల్ని వదులుతుంది. కొన్ని డ్రైవర్లలో ఒక చక్కని ఒప్పందం ఉంది. "ఈ బొమ్మతో నాకిప్పుడు పనిలేదు, కావలిస్తే పారెయ్యి" అని ప్రోగ్రాము ముందే చెప్పి ఉంచవచ్చు. మళ్ళీ కావలసి వచ్చినప్పుడు "ఉందా, పోయిందా?" అని అడుగుతుంది. పోయిందంటే పేచీ పెట్టకుండా మళ్ళీ గీసుకుంటుంది.

అదీ చాలకపోతే, చాలాసేపటినుంచి ఎవరూ ముట్టని బొమ్మల్ని పక్కకి మారుస్తారు. గ్రాఫిక్స్ కార్డులోంచి కంప్యూటరు మెమొరీలోకి, అక్కడినుంచి డిస్కులోకి. దీనివల్ల ప్రాణం నిలుస్తుంది కాని వేగం తగ్గుతుంది. కార్డు తన సొంత మెమొరీని సెకనుకు కొన్ని వందల గిగాబైట్ల వేగంతో చదవగలదు. కార్డుకీ కంప్యూటరుకీ మధ్య దారి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 రకం అయినా, సెకనుకు సుమారు 32 గిగాబైట్లు మించదు. డిస్కు ఇంకా నెమ్మది. అందుకే కొరత వచ్చినప్పుడు ఆట కుంటి నడక నడుస్తుంది.

కుంటి నడక ఫరవాలేదు. అసలు ప్రమాదం వేరే ఉంది.

ముగ్గురూ కూర్చుండిపోయిన కథ

గ్రాఫిక్స్ ప్రాసెసరుకి పని అప్పగించినప్పుడు డ్రైవరు ఒక చీటీ ఇస్తుంది. "ఈ పని పూర్తి కాగానే ఈ చీటీ మీద ముద్ర పడుతుంది, అంతదాకా ఈ బొమ్మల్ని ఎవరూ కదిలించకండి" అని దాని అర్థం. లినక్స్‌లో ఈ చీటీ పేరు డీఎంఏ ఫెన్స్. చీటీ ఇవ్వడమంటే మాట ఇవ్వడమే.

ఇప్పుడు ఒక అజాగ్రత్త డ్రైవరు సంగతి చూడండి. చీటీ ఇచ్చేసింది. పని సగంలో ఉండగా, "అయ్యో, లెక్క రాసుకోవడానికి ఇంకో రెండు కాగితాలు కావాలే" అని గుర్తొచ్చింది. వెళ్ళి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మెమొరీ అడిగింది. కొట్టు ఖాళీ. "ఉండు, ఎవరి దగ్గరన్నా తీసి ఇస్తాను" అన్నది సిస్టమ్. ఎవరి దగ్గర ఎక్కువుందా అని చూస్తే ఈ డ్రైవరు బొమ్మలే కనబడ్డాయి. వాటిని తీద్దామంటే చీటీ అడ్డం. ముద్ర పడేదాకా ఆగాలి. సరే అని సిస్టమ్ కూర్చుంది.

ముద్ర ఎప్పుడు పడుతుంది? పని పూర్తయితే. పని ఎప్పుడు పూర్తవుతుంది? రెండు కాగితాలు దొరికితే. కాగితాలు ఎప్పుడు దొరుకుతాయి? ముద్ర పడితే! డ్రైవరు సిస్టమ్ కోసం, సిస్టమ్ చీటీ కోసం, చీటీ డ్రైవరు కోసం కాచుకుని కూర్చున్నాయి. ఇక ఎవరూ లేవరు. మీ తెర బిగుసుకుపోయింది. సగం రాసిన మీ వ్యాసం భద్రపరచకపోతే అదీ పోయింది.

ఇల్లు కాలుతూంటే బావి తవ్వడమంటే ఇదే. కొట్టులో ఆ క్షణాన లేనిది పిడికెడే. ఆ పిడికెడు లేకపోవడం వల్ల గిగాబైట్లకు గిగాబైట్లు ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్నాయి. మా అమ్మమ్మ పెరట్లో జరిగింది కూడా ఇదే గదా!

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. కావలసినదంతా చీటీ ఇవ్వకముందే సమకూర్చుకోవాలి. దొరకకపోతే అప్పుడే, ఆ గుమ్మంలోనే, "మెమొరీ లేదు, ఈ పని ఒప్పుకోలేను" అని చెప్పాలి. చీటీ ఇచ్చాక మాత్రం, ఎదుటివాళ్ళు ఆగి చూడవలసిన అప్పు అడగకూడదు. మధ్యలో తప్పనిసరిగా ఏదన్నా కావాలంటే, ముందే విడిగా దాచుకున్న నిల్వలోంచే తీసుకోవాలి. అదే చెంబెడు నీళ్ళు. ఈ నియమం లినక్స్ నిర్మాతలు రాసుకున్న నియమాల్లో ఉంది. 2020లో, 5.9 విడుదలతో, ఏ డ్రైవరైనా ఈ నియమం తప్పితే పరీక్షల్లోనే కేకవేసి పట్టించే ఏర్పాటు కూడా చేశారు.

తిన్నది ఒకరు, దెబ్బలు ఇంకొకరికి

ఇవన్నీ చేసినా కొట్టు నిజంగా ఖాళీ అయిపోతే? అప్పుడు లినక్స్ ఆఖరి అస్త్రం తీస్తుంది. ఎక్కువ మెమొరీ వాడుతున్న ప్రోగ్రాము ఏదో లెక్కవేసి దాన్ని ఆపేస్తుంది. నలుగురి కోసం ఒకరిని బలి ఇవ్వడమన్నమాట. ఇది క్రూరమే అయినా, ఇంకో దారి లేనప్పుడు తప్పదని ఒప్పుకుంటాను.

కాని శిక్ష వెయ్యాలంటే పద్దు సరిగా ఉండాలి గదా! బొమ్మల కోసం డ్రైవరు తీసుకున్న మెమొరీ, ఆ బొమ్మలు అడిగిన ప్రోగ్రాము ఖాతాలో సరిగా పడకపోవడం చాలాకాలంగా ఉన్న లోపం. దానివల్ల ఏమవుతుంది? కొండంత తిన్న ఆట పద్దులో సన్నగా కనబడుతుంది. ఏ పాపమూ ఎరగని ఇంకో ప్రోగ్రాము లావుగా కనబడుతుంది. దెబ్బ దాని మీద పడుతుంది. ఆ ప్రోగ్రాము మీ చెల్లెలు రాసుకుంటున్న ప్రాజెక్టు కావచ్చు. కిటికీలన్నిటినీ తెరమీద చూపించే ప్రోగ్రామే కావచ్చు. అది ఆగిందంటే తెర మీద ఉన్నవన్నీ ఒక్కసారిగా మాయం.

ఈ పద్దును దిద్దే పని కొద్దికొద్దిగా సాగుతోంది. 2025 మార్చిలో వచ్చిన లినక్స్ 6.14లో, ఒక్కొక్క ప్రోగ్రాముల గుంపు గ్రాఫిక్స్ కార్డు మెమొరీని ఎంతవరకు వాడవచ్చో హద్దు పెట్టే ఏర్పాటు చేరింది. ఆలస్యంగానైనా మంచి పనే. వేగం పెంచే పనికి పేరొస్తుంది, చప్పట్లొస్తాయి. పద్దు రాసే పనికి రావు. అందుకే అది వెనకబడిందని నా అనుమానం. కాని కొరతకాలంలో అందరినీ కాపాడేది ఆ పద్దే.

చంద్రుడి దగ్గర దాచిన చెంబు

ఇదంతా చాదస్తమని ఎవరన్నా అంటే, వాళ్ళకు 1969 జూలై 20 నాటి కథ చెప్పండి. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ చంద్రుడి మీదికి దిగుతున్నారు. వాళ్ళకు దారి చూపే కంప్యూటరులో రాసి చెరపడానికి వీలున్న మెమొరీ 2,048 పదాలు మాత్రమే. ఈనాటి లెక్కలో 4 కిలోబైట్లు! మనం ఇందాక లెక్కవేసిన ఒక్క నిండు బొమ్మలో ఇలాంటి మెమొరీలు రెండువేల పైచిలుకు పడతాయి.

ఆ కంప్యూటరులో ప్రతి పనికీ ఒక చిన్న మెమొరీ గది కేటాయించేవారు. దిగుతూండగా ఒక రాడారు నుంచి అక్కరలేని సంకేతాలు వచ్చి కంప్యూటరు సమయాన్ని తినేశాయి. పనులు వేళకు పూర్తి కాలేదు. పాత పనులు గదులు ఖాళీ చెయ్యకముందే కొత్త పనులు వచ్చాయి. గదులు అయిపోయాయి. వెంటనే 1202 అనే అంకె వెలిగింది. కాసేపటికి 1201 వెలిగింది. గది లేదని ఆ అంకెల అర్థం.

అక్కడ తెర బిగుసుకుపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించండి! కాని అలా జరగలేదు. గదులు అయిపోతే ఏం చెయ్యాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని ప్రోగ్రాము రచయితలు ముందే రాసి ఉంచారు. హాల్ లానింగ్ పనుల వరస నిర్ణయించే భాగానికి రూపం ఇచ్చాడు. మార్గరెట్ హామిల్టన్ ప్రోగ్రాములు రాసిన బృందానికి నాయకురాలు. కంప్యూటరు కొరతను దాచలేదు, అంకె వెలిగించి చెప్పింది. క్షణంలో తనంతట తాను మళ్ళీ మొదలయింది. అంత ముఖ్యం కాని పనుల్ని వదిలేసి, దిగే పనిని మాత్రం ఆపిన చోటునుంచి పట్టుకుంది. కింద హ్యూస్టన్‌లో ఉన్నవాళ్ళు అది చూసి, కానివ్వండి అన్నారు. వాళ్ళు క్షేమంగా దిగారు.

4 కిలోబైట్లతో సాధ్యమైనది 4 గిగాబైట్లతో ఎందుకు సాధ్యం కాదు? మెమొరీ చాలకనా? కాదు, ముందుచూపు చాలక.

"ఇంకొంచెం కొనుక్కుంటే పోలా?"

మీలో కొందరికి ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. మెమొరీ కొనుక్కోగలిగినవాళ్ళు కొనుక్కోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కాని కొట్టు పెద్దదైతే తిండి కూడా పెరుగుతుంది. పెద్ద మెమొరీ చూసి రాసిన ఆట ఇంకా పెద్ద బొమ్మలు తెచ్చుకుంటుంది. పైగా అందరి దగ్గరా కొత్త కంప్యూటర్లుండవు. ఒక పాత కంప్యూటరు చుట్టూ నలుగురు పిల్లలు కూర్చుని నేర్చుకునే బడులున్నాయి. డబ్బున్నవాడి కంప్యూటరు మీద మాత్రమే సరిగా నడిచే ప్రోగ్రామును నేను మంచి ప్రోగ్రామనను.

ఇంకొక వాదన కాస్త గట్టిది. "కొరత ఎప్పుడో గాని రాదు. అలాంటి దాని కోసం ఇంత శ్రమ ఎందుకు?" అంటారు. ఎప్పుడో గాని రాదు కాబట్టే శ్రమ కావాలి! లినక్స్‌లో మామూలుగా 32 కిలోబైట్ల లోపు అడిగితే సిస్టమ్ కాదనకుండా తిప్పలు పడి ఎలాగో తెచ్చి ఇస్తుంది. అందుచేత "ఇవ్వను" అన్నప్పుడు ఏం చెయ్యాలో చెప్పే భాగం సంవత్సరాల తరబడి ఒక్కసారి కూడా నడవకుండా ఉండిపోతుంది. నడవని భాగంలో తప్పులుంటే ఎవరికి తెలుస్తుంది? నిజంగా కొరత వచ్చిన రోజున, అందరూ దాని మీద ఆధారపడిన రోజున, అదే కూలబడుతుంది. అందుకని లినక్స్‌లో కావాలని దొంగ కొరత సృష్టించి డ్రైవర్లను పరీక్షించే సాధనం ఉంది. అటువంటి పరీక్ష దాటని ఏ డ్రైవరునూ జనానికి ఇవ్వకూడదని నేనంటాను. దానివల్ల కొత్త డ్రైవరు నెలరోజులు ఆలస్యమైతే కానివ్వండి.

చివరిగా మీతో ఒక మాట. మీలో చాలామంది రేపు ప్రోగ్రాములు రాస్తారు. కొందరు ఈపాటికే మొదలుపెట్టి ఉంటారు. చిన్న ఆట రాసినా సరే, మెమొరీ అడిగే ప్రతి పంక్తి దగ్గరా ఒక్క క్షణం ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. అడిగింది దొరకకపోతే నా ప్రోగ్రాము ఏం చేస్తుంది? మాట ఇవ్వకముందే కావలసినవన్నీ దగ్గర పెట్టుకున్నానా? లేనప్పుడు లేదని ఎదుటివాడికి అర్థమయ్యేలా చెబుతున్నానా? ఈ మూడింటికీ జవాబు రాయడానికి ఒక అరగంట ఎక్కువ పడుతుంది. ఆ అరగంట ఎవరో ముక్కూ మొహమూ తెలియని పిల్లవాడి వ్యాసాన్ని కాపాడుతుంది. అతను మీకు కృతజ్ఞత చెప్పడు, ఎందుకంటే ప్రమాదం తప్పిందన్న సంగతే అతనికి తెలియదు.

మా అమ్మమ్మకీ ఎవరూ కృతజ్ఞత చెప్పలేదు. కాని నేను చెంబు ఖాళీ చేసిన ఆ ఒక్కరోజు తప్ప, ఆ పెరట్లో నీళ్ళు లేవన్న మాట ఎన్నడూ వినబడలేదు.